లెక్క తప్పని మనుషులు

మొన్న సంక్రాంతికి ఎర్రగుంట్ల వెళ్ళినప్పుడు మా అక్క కూతురు ఫోను చేతబట్టుకుని నా పక్కన చేరింది. "చిన్నమ్మా, నువ్వెట్లాంటిదానివో చెప్తా. ఇరవై ప్రశ్నలు. అబద్ధం చెప్పగూడదు" అంది. నలభై దాటిన ఆడదాన్ని పట్టుకుని నువ్వెట్లాంటిదానివో చెప్తానంటే కుతూహలం వుండదూ? సరేనన్నాను. ఊరికి పోయేటప్పుడు మూడు రోజుల ముందే పెట్టె సర్దుకుంటావా, బండి కదిలే వేళకు సర్దుకుంటావా? నీ దగ్గర అప్పు తీసుకున్నవాడు ఎదురైతే అడుగుతావా, నువ్వే సిగ్గుపడి పక్కకు తప్పుకుంటావా? ఇలాంటివి. చివరికి తేలిందేమిటంటే నేను గాలి జాతి మనిషినట. ఊహలెక్కువ, నిలకడ తక్కువ. నవలలు రాసుకునేదానికి ఇంతకంటే పొగడ్త ఏం కావాలి? సంతోషించాను.

తర్వాత అక్క వంతు. అక్కది భూమి జాతి. నేల మీద కాళ్ళాన్చి నడిచే మనిషి, నమ్మదగ్గ మనిషి, మాట తప్పదు, పని ఎగ్గొట్టదు. వృషభం, కన్య, మకరం రాశులవాళ్ళు ఇలా వుంటారని కూడా రాసివుంది. అమ్మాయి గొప్పగా చదివి వినిపిస్తుంటే అక్క మొహం చిన్నబోయింది.

"అంటే ఎద్దునంటాండావు. అంతే గదా?" అంది.

అందరం నవ్వేశాం. అక్క మాత్రం నవ్వలేదు. లేచి, పొయ్యి మీద పాలు పొంగకముందే దించడానికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నమ్మదగ్గ మనిషివి అని అంటే ఎవరికైనా ఎందుకు మనసు చివుక్కుమనాలి? తిట్టలేదు గదా! కానీ అక్క కోపంలో న్యాయం వుంది. ఇంట్లో ఒకరు నమ్మకస్తులని తేలితే ఆ ఇంటి బరువంతా వాళ్ళ నెత్తికే ఎత్తుతాం. వాళ్ళ గురించి మాట్లాడుకోవడం మాత్రం మానేస్తాం. మాట్లాడుకోవలసి వస్తే గాలి జాతివాళ్ళను గురించే మాట్లాడుకుంటాం.

మనుషుల్ని ఇలా జాతులుగా విడదీసే సరదా ఇవాళ్టిది కాదు. మన ఆయుర్వేదం వాత, పిత్త, కఫ ప్రకృతులని మూడు మూటలు కట్టింది. అందులో భూమి, నీరు కలిసినది కఫం. కఫ ప్రకృతివాడికి ఓర్పు, స్థిరత్వం ఎక్కువని చెప్పింది. గ్రీకు దేశంలో రెండువేల మూడువందల ఏళ్ళనాడు అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ ముప్ఫై రకాల మనుషుల్ని వర్ణించి ఒక చిన్న పుస్తకం రాశాడు. పిసినారి, ముఖస్తుతి చేసేవాడు, వాగుడుకాయ, పిరికివాడు, బడాయికోరు... ముప్ఫైమందీ వున్నారు గానీ, ఆ ముప్ఫైమందిలో చెప్పినవేళకు వచ్చి చెప్పిన పని చేసిపోయేవాడు ఒక్కడూ లేడు! మంచివాడి గురించి రాస్తే ఎవరు చదువుతారనుకున్నాడో ఏమో.

మన కాలానికి వస్తే, 1921లో కార్ల్ యూంగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మనుషుల రకాల మీద పెద్ద గ్రంథం రాశాడు. దాన్ని ఆధారం చేసుకుని కాథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మైయర్స్ అనే అమెరికా తల్లీకూతుళ్ళు పదహారు రకాల మనుషుల పరీక్షను తయారుచేశారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మొదలైన ఆ పరీక్ష ఇవాళ ఫోన్లలో ఆడుకునే ఇలాంటి ఆటలకు పెద్దమ్మ వంటిది. తమాషా ఏమిటంటే ఆ ఇద్దరూ మనస్తత్వ శాస్త్రం చదువుకున్నవాళ్ళు కారు. కూతురు ఇసబెల్ అంతకుముందు అపరాధ పరిశోధన నవల రాసి బహుమతి కొట్టిన రచయిత్రి. మనుషుల్ని పెట్టెల్లో సర్దిన పాపంలో మా నవలా రచయిత్రులకూ వాటా వుందన్నమాట!

ఇక మా ఊరి సంగతి. మా కడప జిల్లాలో డబ్బును 'లెక్క' అంటాం. "చేతిలో లెక్క లేదు" అంటే గణితం రాదని కాదు, పైసలు లేవని. కోస్తా జిల్లాల స్నేహితురాళ్ళు ఈ మాటకు నవ్వుతారు. నాకు మాత్రం ఇందులో మా నేల స్వభావమంతా వుందనిపిస్తుంది. వాన నమ్మకం లేనిచోట ప్రతి గింజా లెక్కే. ఎర్రగుంట్ల చుట్టూ నేల తవ్వితే పొరలు పొరలుగా నాపరాయి వస్తుంది. చేపలన్నవి పుట్టకముందే ఏ సముద్రం అడుగునో పేరుకున్న సున్నపు బురద అది. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాళ్ళ మీద గ్రంథం రాసినప్పటి నుంచీ ఆ రాతికి 'నార్జి సున్నపురాయి' అనే పేరు శాస్త్రంలో నిలిచింది. మాకు మాత్రం అది ఇంట్లో నేల, వాకిట్లో అరుగు, దొడ్లో బట్టలుతికే బండ, పొలానికి కంచె. సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింతర్వాత అదే రాయి పొడై సంచులకెక్కి దేశాలు తిరుగుతోంది. మీరు ఏ ఊళ్ళో వున్నా, మీ కాళ్ళకింద మా ఊరు కొంచెం వుండొచ్చు.

ఈ నేలను మొదటిసారి గజం గజం కొలిపించినవాడొకడున్నాడు. భూమి జాతి మనుషులని ఎవరైనా అంటే నాకు ముందు ఆయనే గుర్తొస్తాడు.

1800 అక్టోబరులో హైదరాబాదు నిజాం, తనకోసం నిలిపిన ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంతభాగం కంపెనీవాళ్ళకు వదిలేశాడు. ఇవే దత్తమండలాలు. ఇచ్చేసిన జిల్లాలనే ఆ పేరు నచ్చక 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు 'రాయలసీమ' అని పిలిచారు. ఆ వదిలేసిన నేలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. 1761లో గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి వ్యాపారం దివాలా తీస్తే సిపాయి కొలువు వెతుక్కుంటూ 1780లో మద్రాసులో దిగాడు. కొంచెం చెవుడు. అంతకుముందు బారామహల్ జిల్లాలో ఏళ్ళ తరబడి శిస్తు లెక్కలు చూసిన అనుభవం వుంది.

ఆయన వచ్చేటప్పటికి ఇక్కడ ఎనభైమంది పాలెగాళ్ళు. ఒకడి శిస్తు ఒకడు వసూలు చేసేవాడు, ఒకడి ఊరు ఒకడు దోచేవాడు. మన్రో వాళ్ళను కరుకుగానే అణిచాడు. ఆ కరుకుదనాన్ని లండనులోని పై అధికారులే తప్పుపట్టారు. పాలెగాళ్ళ వంశాల్లో మిగిలిన మంట 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుగా లేచిన సంగతి మీకు తెలిసిందే. కాబట్టి మన్రోను దేవుణ్ణి చేసి కూచోబెట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన వచ్చింది కంపెనీ ఖజానా నింపడానికే, నింపాడు కూడా. ఏడేళ్ళలో శిస్తు వసూలు పది లక్షల వరహాల నుంచి పదిహేను లక్షలకు పెరిగింది.

కానీ ఎలా నింపాడో చూడండి. బంగళాలో కూచుని అంచనా వెయ్యలేదు. ఏడేళ్ళూ చాలాభాగం డేరాల్లోనే గడిపి ఊరూరూ తిరిగాడు. మధ్యలో జమీందారు లేకుండా, ఏ రైతు చేను ఆ రైతు పేర రాసి, ఇంత చేనుకింత అని చెప్పాలన్నాడు. దానికి ముందు చేను ఎంతో తెలియాలి గదా? 1802లో సర్వే మొదలుపెట్టాడు. అప్పటికి ఇంత పెద్ద సీమలో భూమి కొలవడం తెలిసిన గుమాస్తాలు దొరికింది నలుగురంటే నలుగురు! ఆ నలుగురూ కొలుస్తూనే పక్కవాళ్ళకు నేర్పారు. ఆ ఏడాది చివరికి యాభైమంది అయ్యారు. మరుసటేడు చివరికి వందమంది. చేతిలో 33 అడుగుల గొలుసు. గొలుసుకు గొలుసు నలుచదరం చేస్తే గుంట, నలభై గుంటలు ఎకరం. ఎండలో, నల్లరేగడి నెర్రెల్లో, ముళ్ళకంపల్లో ఆ గొలుసు ఈడ్చుకుంటూ చేను తర్వాత చేను, ఊరి తర్వాత ఊరు తిరిగారు.

ఆ నలుగురి పేర్లు చరిత్ర పుస్తకాల్లో నాకు కనపడలేదు. మన్రో పేరు అందరికీ తెలుసు. మద్రాసులో ఆయనకు గుర్రం మీద నిలువెత్తు విగ్రహం కూడా వుంది. శిల్పి చాంట్రీ దానికి జీను, రికాబులు లేకుండా చేశాడు. ప్రతిదీ పక్కాగా కొలిచి చూసుకున్న మనిషిని చివరికి ఆసరా లేకుండా కూచోబెట్టారు పాపం! ఆ విగ్రహం చూసినప్పుడల్లా నాకు ఆయనకంటే ఆ రికాబుల మీదే ధ్యాస పోతుంది. పెద్దవాడు గుర్రమెక్కి నిలబడేది వాటి మీద కాలుపెట్టే. విగ్రహంలో లేనివీ అవే. నలుగురు గుమాస్తాలూ అంతే.

ఈ విషయంలో బ్రౌను దొర కాస్త నయం. 1820 ఆగస్టులో సి.పి. బ్రౌన్ కడపకు వచ్చాడు. అప్పటికే ఆయన కొంత తెలుగు నేర్చుకున్నాడు. కడపలో బంగళా కొని పండితులకు తన జేబులోంచి జీతాలిచ్చి పాత తాటాకులన్నీ తిరగరాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు, 1852లో నిఘంటువు వేశాడు. నిఘంటువు అంటే ఏమిటండీ? రోజుకిన్ని మాటలని ఏళ్ళ తరబడి కూచుని చేసే లెక్క. అందులో మెరుపులుండవు. అయితే ఆ పండితుల్లో జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటి పేర్లు ఇవాళ మనకు తెలిసివున్నాయి. దాదాపు నూటయాభై ఏళ్ళ తర్వాత ఆ బంగళా మొండిగోడలు మిగిలినప్పుడు, అక్కడొక గ్రంథాలయం లేవాలని పట్టుబట్టి లేపినవారు జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు. ఆయనా ఆ జాతివారే.

మా అవ్వ కూడా ఆ జాతే. ఆమె పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు కాబట్టి ఏ రాశో చెప్పలేను. సంతకం రాదు. కానీ ఊళ్ళో ఎవరు పెళ్ళికి పోయినా, ఆస్పత్రికి పోయినా, లెక్క తెచ్చి ఆమె దగ్గర దాచిపెట్టి పోయేవారు. దూలం పక్క గోడమీద బొగ్గుతో గీతలు గీసుకునేది. ఏ గీత ఎవరిదో ఆమెకొక్కదానికే తెలుసు. జొన్నలు బదులిస్తే పడి నిండా పోసి, అరచేత్తో పైన సమంగా తీసి, ఆపైన ఒక పిడికెడు వేసేది. తిరిగి తీసుకునేటప్పుడు ఆ పిడికెడు అడిగేది కాదు. నేను డిగ్రీలో చేరతానంటే ఇంట్లో పెద్దవాళ్ళు వచ్చే ఏడు చూద్దామన్నారు. అవ్వ రేకుపెట్టె తీసి ఫీజుకు సరిపోను లెక్క నా చేతిలో పెట్టింది. అంతకుమించి ఒక్క రూపాయి లేదు, తక్కువా లేదు. చదువుకో తల్లీ అని ఒక మంచిమాటైనా అనలేదు. "చిల్లర జాగ్రత్త" అంది.

అప్పటికి నాకు అది చప్పగా అనిపించింది. నా మనసంతా అబ్బ మీద వుండేది. మా అబ్బ గొప్ప మాటకారి. మూడు వ్యాపారాలు పెట్టి మూడూ ముంచినవాడు. గండికోట కథలు ఆయన చెప్తే వెన్నెల్లో ఊరంతా కూచుని వినేది. ఆ వినేవాళ్ళకు తాగడానికి మజ్జిగ ఎవరు చిలికారో నేనెప్పుడూ చూడలేదు.

నా మొదటి నవల ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. అందులో నవ్వుల కోసం ఒక పిసినారి ముసలమ్మను పెట్టాను. గోడమీద బొగ్గు గీతలతో సహా. అవ్వకు చదువు రాదుగదా, ఎట్లా తెలుస్తుందిలే అనుకున్నాను. పక్కింటి పిల్ల వారం వారం చదివి వినిపించిందట. ఆ వేసవిలో నేను పోయినప్పుడు అవ్వ కందులు చెరుగుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"ఆ కతలో ముసిల్ది ఐదునూర్లు అప్పిస్తాది గదా? రెండ్రూపాయల వడ్డీకి?"

"అవునవ్వా."

"ఏడు నెల్లకు ఎంత?"

నేను వెంటనే చెప్పలేకపోయాను. ఆవిడే చెప్పింది. "డెబ్బై. నీ ముసిల్ది తొంబై తీసుకుండె."

"పొరపాటున రాశాలే అవ్వా. కథే గదా!"

"కతైతే మాత్రం?" అంది. చేట ఆగింది. "ఇరవై ఎక్కువ తీసుకున్నట్టు గదమ్మా. నేనట్ల యానాడూ తీసుకోలేదు."

పిసినారి అన్నందుకు కాదు. ఊరంతా నవ్వినందుకు కాదు. ఆ ఇరవై రూపాయలకు! "పుస్తకమేసేటప్పుడు దిద్దు" అని మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. దిద్దుతానన్నాను. పుస్తకం అచ్చయింది. నేను మరిచిపోయాను. నేను గాలి జాతి మనిషిని కదా! రెండో ముద్రణ వచ్చేలోపలే అవ్వ పోయింది. అందులో దిద్దాను. డెబ్బై అనే అక్షరాలు అచ్చులో చూసుకుంటుంటే చదివి వినిపించడానికి ఆవిడ లేదు.

మన్రో కథలో నాకు అన్నిటికంటే నచ్చే ఘట్టం ఇందుకే గుర్తొస్తుంది. ఆయన సర్వే ప్రకారం రైతు మీద పడిన శిస్తు పంటలో నూటికి నలభై అయిదు పాళ్ళు. అది చాలా ఎక్కువ. ఆ సంగతి ఎవరో వచ్చి చెప్పలేదు. వసూలు చేసిన మనిషే, లెక్క వేసినవాడే, 1807లో పైవాళ్ళకు రాశాడు. శిస్తు మొత్తం మీద నాలుగోవంతు తగ్గించాలి, చెరువుల కిందా బావుల కిందా పండే భూములకు ఇంకొంచెం తగ్గించాలి, లేకపోతే రైతుకు భూమి తనదనే ఆశ వుండదు అని. పైవాళ్ళు వినలేదు. ఆయన స్వదేశం వెళ్ళాక రైతువారీ పద్ధతే తీసేసి ఊళ్ళకు ఊళ్ళు గుత్తకిచ్చారు. మొదట మూడేళ్ళకు, ఆపైన పదేళ్ళకు. గుత్తదార్లు చితికిపోయారు, రైతులూ చితికిపోయారు. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చింతర్వాతే రైతువారీ నిలబడింది, ఆ తగ్గింపు అమల్లోకి వచ్చింది. పదమూడేళ్ళు పట్టింది. కానీ మరిచిపోలేదు చూశారా!

నమ్మకస్తులంటే చెప్పిన పని చేసుకుపోయేవాళ్ళని మాత్రమే మనం అనుకుంటాం. ఎద్దు కూడా ఆ పని చేస్తుంది. మా అక్క కోపం సబబే. ఈ మనుషుల అసలు గుణం వేరు. తమ చేతిలోకి ఎక్కువ వచ్చిందని తామే కనిపెట్టి, ఎవరూ అడగకముందే చెప్పడం. అది కష్టం. దానికి ఊహ కావాలి. ఎదుటివాడి గాదెలో గింజ తగ్గిందని తన ఇంట్లో కూచుని తెలుసుకోవాలంటే కవికున్నంత ఊహ కావాలి. ఫోను ప్రశ్నల్లో ఆ ప్రశ్న లేదు.

ఊళ్ళో జనానికి మాత్రం ఈ సంగతి ముందే తెలిసినట్టుంది. మన్రో పేరు కలిసొచ్చేలా పిల్లలకు 'మన్రోలప్ప' అని పెట్టుకున్నారని చెప్పుకుంటారు. పులివెందులకు అవతల, పాపఘ్ని నది కొండను చీల్చుకుని వచ్చేచోట గండి క్షేత్రం వుంది. రాముడు బాణం మొనతో ఆంజనేయుడి రూపం గీశాడనీ, ఆయన రాకకు వాయుదేవుడు రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడనీ స్థలపురాణం. ఆ తోరణం మామూలు కళ్ళకు కనపడదు. పుణ్యాత్ములకే, అదీ ఆయువు తీరబోయే ముందే కనపడుతుంది. గవర్నరుగా ఆఖరిసారి ఈ సీమకు వచ్చిన మన్రో ఆ గండిలో తలెత్తి చూసి, "ఆ బంగారు తోరణం ఎవరు కట్టారు?" అని అడిగాడట. పక్కనున్నవాళ్ళు గతుక్కుమన్నారట. మిగతాది చరిత్రే. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. ఉద్యోగం విరమించి ఇంటికి వెళ్ళిపోయేముందు చివరిసారి తన రైతుల్ని చూసిపోదామని వచ్చిన ప్రయాణం అది.

ఇది జరిగిందా అని నన్నడగకండి. గొలుసులు, గుంటలు, నూటికి ఇన్ని పాళ్ళు తప్ప వేరే మాట్లాడని మనిషికి ఈ జనం బంగారు తోరణం కనపడనిచ్చారు. ఏ కవికీ ఇవ్వలేదు. నాకది చాలు.

పండుగ వెళ్ళిన మర్నాడు అక్కను తీసుకుని గండికి పోయాను. వేంపల్లె మీదుగా బస్సు. దర్శనమయ్యాక ఏటి ఇసుకలో నిలబడి రెండు కొండల మధ్య ఆకాశం వైపు చాలాసేపు చూశాను. అవ్వ సంగతి, ఆ ఇరవై రూపాయల సంగతి అక్కకు అప్పుడే మొదటిసారి చెప్పాను. ఎద్దు అన్నందుకు కూడా ఏదో చెప్పబోయాను. అక్క వింటూనే చేతిసంచిలో బస్సు చార్జీ విడిగా తీసిపెట్టుకుంది. తర్వాత తనూ ఒకసారి తలెత్తి కొండల మధ్యకు చూసింది.

"ఏం కనపడలేదు గదా?" అంది.

"లేదక్కా."

"మంచిదే. ఇంకా బతుకుతాం. పా, బస్సు పోతాది."